అవ్వ మింగిన చేదు తిత్తి

మే 4, ఆదివారం

పొద్దున అవ్వ కళ్లజోడు అద్దానికి ఒక చేప పొలుసు అంటుకొని ఉన్నది. ఆమె దాన్ని గమనించలేదు. దాని గుండానే నన్ను చూస్తూ, "ఇయ్యాల మెరుస్తున్నవేంది బిడ్డా" అన్నది. నేను చెప్పలేదు. నేను మెరుస్తున్నానని ఎవరూ ఎప్పుడూ అనలేదు. కాసేపు ఉండనిచ్చిన.

చేపల సత్తయ్య ఆరున్నరకే టీవీఎస్ వెనుక టబ్బు కట్టుకొని వచ్చాడు. రవ్వ చేప, దాదాపు మూడు కిలోలు. కోసిస్తా అంటే అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు చేదు తిత్తి పగలగొడ్తవు. కూరంత ఇసం చేస్తవు. మా దీవెన కోస్తది" అన్నది. నిజమే. పొట్ట చీల్చి, పేగుల మధ్య నుంచి ఆ పచ్చని తిత్తిని పగలకుండా తీయడం ఈ ఇంట్లో నాకొక్కదానికే వస్తుంది. నలుగురి ముందు చేయగలిగే విద్య కూడా నాకు అదొక్కటే. దానికి మాట్లాడే పని ఉండదు.

ఎప్పుడూ తీసి బూడిదలో వేస్తా. ఇవాళ అవ్వ అరచేయి చాపింది.

"పెద్ద చేపది అవ్వా. మింగినవంటె మోకాళ్లు పిల్లగాండ్లయి లెక్క అయితయి. మా అక్కకు షుగర్ గూడ దిగింది" అన్నాడు సత్తయ్య.

"షుగర్ నాకు లేదు. నాకు మోకాళ్లే కావాలె."

అవ్వ మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసి రెండేళ్లు దాటింది. చర్చిలో కుర్చీ వేస్తారు. కుర్చీల కూసోని దేవునితోని మాట్లాడితే ఎమ్మార్వోతోని మాట్లాడినట్టున్నదని ఆమె బాధ.

తిత్తిని ఆమె చేతిలో పెట్టిన. జామకాయ గింజంత కూడా సందేహించకుండా నోట్లో వేసుకొని, బెల్లం నీళ్లు తాగి, ముఖం గట్టిగా ముడుచుకొని, విప్పింది.

"పౌలుకు చెప్పకు" అన్నది. పౌలంటే మా బాపు, ఆయనకు పసర్లూ నాటు మందులూ పడవు. పోయినేడు ఆమె ఏదో ఆకు నూరి తాగినందుకు మూడు రోజులు మాట్లాడలేదు. చెప్పనని మాట ఇచ్చిన.

పులుసు బాగున్నది. చర్చికి పది నిమిషాలు ఆలస్యంగా పోయినం.

సాయంత్రం: అవ్వకు వాంతులు. పులుసు ఎక్కువ తిన్నదట.

మే 5

వాంతులు, విరేచనాలు. పొట్టలో నొప్పి. ఉప్పు చక్కెర నీళ్లు కలిపి గ్లాసు గ్లాసు ఇస్తున్న. అమ్మ గులాబీల షెడ్డులో పనికి సెలవు పెట్టింది. బాపు అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్ నుంచి మధ్యాహ్నమే వచ్చాడు, లాన్ సగమే కోసి. ఎండలో చర్చి దాకా నడిపించినందుకు నన్నూ అమ్మనూ తిట్టాడు.

ఎండదెబ్బే. నిన్న నలభై రెండు డిగ్రీలు.

పులుసు మేమందరం తిన్నం. ఎవరికీ ఏమీ కాలేదు.

మే 6

తగ్గింది. జొన్న గటక తాగింది. సత్తయ్య చేపలకు వంక పెట్టేది లేదని అన్నది.

మే 7

పొద్దున అవ్వ మూత్రానికి పోలేదు. మధ్యాహ్నం అడిగితే, "రాకపోతె నేనేం జేయాలె, గుంజి తియ్యాలెనా" అన్నది. నిన్న కూడా సరిగా పోలేదని అప్పుడు చెప్పింది. పాదాలు ఉబ్బినయి. చెప్పుల పట్టీ దిగడం లేదు. చెప్పులు ఎండకు చిన్నగయినయని ఆమె అనుకున్నది.

ఆటోలో చేవెళ్ల దవాఖానకు పోయినం. రక్తం తీసినరు. క్రియాటినిన్ ఆరు పాయింట్ రెండు. ఒకటి దాటొద్దట. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోనివ్వలేదు. అప్పటికప్పుడు కాగితం రాసి, అంబులెన్సులో మొయినాబాద్ వైపు పెద్ద దవాఖానకు పంపింది.

అంబులెన్సులో అవ్వ కిటికీలోంచి పొలాలు చూస్తూ, "ఈ బండి ఏసీ మంచిగున్నది" అన్నది.

చేర్చుకునే కాగితం మీద బాపు సంతకం చేసి, పక్కన కొడుకు అని రాశాడు. నేను సాక్షి. మనవరాలు అని రాసిన.

మే 8

డాక్టర్ పేరు మహేశ్వర్. చాలా చిన్నవాడు. మీసం పెంచుతున్నాడు కానీ మీసమే ఇంకా ఒప్పుకోలేదు. ఊరు సురంగలట. ఇంట్లో ఇప్పటికీ టమాట వేస్తారట. అది తెలిసిన దగ్గరి నుంచి బాపు ఆయన్ని పూర్తిగా నమ్మేశాడు.

రిపోర్టు వెనుక పెన్నుతో బొమ్మ గీసి చెప్పాడు.

"కిడ్నీ అంటే డ్రిప్ పైపుకు పెట్టే ఫిల్టర్ అనుకో అన్న. మంచిగ నడిచేది రెండు దినాలల్ల ఆగిందంటే మూడు తీర్ల చూడాలె. ఒకటి, ఎనుక నుంచి నీళ్లు రాలేదు. వాంతులు, విరేచనాలు, ఎండదెబ్బ, రక్తం పోవుడు, ఇవన్నీ గంతే. రెండు, ముంగట పైపు జామయింది. రాయో గడ్డో అడ్డం పడ్డది. ఇవి రెండు గాదంటే ఫిల్టర్లనే ఏందో పడ్డది. నొప్పి గోలీలు, పసర్లు, పాము ఇసం, జ్వరాలు."

"అయితే ఫిల్టర్ ఊడదీసి కడిగితే అయిపాయె గద సార్" అన్నాడు బాపు.

"కడిగేది గాదు. దానంతట అదే కోలుకోవాలె. చానమందికి కోలుకుంటది. అందాక బయట మిషన్ పెట్టి నడిపిస్తం. ఏం పడ్డదో ఎరుకైతే నాకు సులువు."

స్కానింగ్‌లో ఏ అడ్డమూ లేదు. సెలైన్ రెండు ఎక్కించినా మూత్రం రాలేదు. కాబట్టి ఫిల్టరే.

బాపు నా వైపు చేయి చూపించి, "మా బిడ్డ ఎరుక సార్. కాన్వెంట్ల చదివింది, స్కూల్ల లైబ్రరీ చూస్తది. ముసలామె ఏం తిన్నా ఏం తాగినా ఈమె కండ్ల ముంగటనే" అన్నాడు.

డాక్టర్ నన్ను అడిగాడు. "ఏమన్న మందులు వేసుకున్నదా?"

సంచిలోంచి నొప్పి గోలీల అట్ట తీసి ఇచ్చిన. పదింటిలో రెండు ఖాళీ. ఆయన అట్టను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇంకేమన్న?"

తల అడ్డంగా ఊపిన. మాట్లాడకుండా తల ఊపడం నాకు అలవాటే కనుక అది అబద్ధంలా కనబడలేదు.

మే 9

మొదటి డయాలసిస్. మెడ దగ్గర గొట్టం పెట్టినరు. నాలుగు గంటలు. రక్తం బయటికి వచ్చి, మిషన్‌లో తిరిగి, మళ్లీ లోపలికి పోతుంది. చూడలేనేమో అనుకున్న, కానీ చూసిన. అవ్వ కూడా మెడ తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పి చూసింది.

"ఇది మొత్తం నాదేనా?"

"నీదే అవ్వా" అన్నది నర్సు.

"గంత ఎర్రగున్నదా. నన్నందరు రక్తం లేదంటరు."

పక్క మంచం కౌసల్యమ్మ కాలి పుండుతో వచ్చింది. ఆమెది ఎనిమిదో రోజు, కనుక వార్డు మీద ఆమెకు కొంత అధికారం ఉన్నది. అవ్వ మంచానికి మూత్రం కొలిచే సంచి కట్టినరు, దాని మీద గీతలున్నయి. కౌసల్యమ్మ మనవడు ఫోన్లో క్రికెట్ పెట్టి పోయాడట. అందుకని ఆమె మా వైపు తిరిగి, "మీ అవ్వ ఇంకా ఖాతా తెరువలేదా" అని అడుగుతుంది.

ఇవాళ పదిహేను మిల్లీలీటర్లు. అవి కూడా టీ రంగులో.

మే 10

డాక్టర్ పొద్దున ఎక్కువసేపు నిలబడ్డాడు. లివర్ పరీక్షల్లో కూడా తేడా ఉన్నదట. రెండు గోలీలకు ఇంత కాదని, ఎండదెబ్బ అయితే సెలైన్‌కు కొంతయినా తెలియాలని, జ్వరాల పరీక్షలన్నీ మంచిగ వచ్చినయని చెప్పాడు. ఎందుకయిందో తెలియకపోతే సోమవారం వీపు వెనుక నుంచి సూదితో కిడ్నీ ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆమె వయసుకు రక్తం కారే భయం కొంత ఉంటుందట. "అవసరం లేకుంటె నాకు గూడ ఇష్టం లేదు" అన్నాడు.

మధ్యాహ్నం మెట్ల మీద కూర్చొని ఫోన్లో చదివినవి రాసుకున్న. పాము కాటు: లేదు. తేలు: లేదు. కందిరీగలు చాలా కుడితే కూడా ఆగుతుందట: కుట్టలేదు. పురుగుమందు: బాపు దగ్గర ఫామ్‌హౌస్ మందులు ఉంటాయి కానీ ఇంటికి తేడు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల జ్వరం: పరీక్ష చేసినరు, లేదు. పసర్లు: పోయినేడు తాగింది, ఈ ఏడు లేదు. తలకు వేసే రంగు లోపలికి పోతే: అవ్వ తల తెల్లగానే ఉన్నది. బోరు నీళ్లు: అందరం తాగుతున్నం. పుట్టగొడుగులు: ఇది కాలం కాదు.

చేప పులుసు: అందరం తిన్నం.

ఇంకేమీ లేదు.

మే 11, ఆదివారం

చర్చికి పోలేదు. నిన్న ఇంకేమీ లేదని రాసిన. ఇంకేమీ లేదు.

ఫోన్లో ఇంకో పేజీ వస్తే మూసేసిన. మొదటి రెండు పదాలే చదివిన.

మధ్యాహ్నం, తరువాత రాసింది:

అమ్మ క్యాంటీన్‌కు పోయింది. అవ్వ నన్ను దగ్గరికి పిలిచింది. ముఖం ఉబ్బి, కళ్లు చిన్నగయి, నవ్వితే ఎవరో కొత్తామెలా ఉన్నది.

"రేపు సూది పొడుస్తరట గద."

"అవును."

"పొడవనియ్యి. నువ్వు మాత్రం ఆ మాట చెప్పకు."

"బాపు తిడతాడని చెప్పనన్న కదా, మాట ఇచ్చిన కదా అవ్వా."

"పౌలు తిడితే నాకేంది. రోజు తిడ్తడు, నేను రోజు తింట. చేప కోసినదానివి నువ్వు. నా చేతిల పెట్టినదానివి నువ్వు. చదువుకున్న పిల్లవు గిట్ల చేసినవా అని నిన్ను అంటరు. నలుగుర్ల నోరు తెరిచి జవాబు చెప్పరాదు నీకు. నాలుగు దినాలు ఏడుస్తవు. వద్దు."

వారం నుంచి నేను ఆమె మాట కాపాడుతున్నానని అనుకుంటున్న. ఆమె నా కోసం సూదికి వీపు చూపించి పడుకోవడానికి తయారుగా ఉన్నది.

మూసిన పేజీ మళ్లీ తెరిచిన. పూర్తిగా చదివిన. చేప చేదు తిత్తి. పచ్చిదయినా ఉడికిందయినా. చేప పెద్దదయితే విషం ఎక్కువ. ముందు వాంతులు, విరేచనాలు, రెండు మూడు రోజులకు మూత్రం ఆగడం. లివర్ కూడా. ప్రతి ముక్కా అవ్వదే.

నా మొదటి పేజీలోనే రాసి ఉన్నది. వారం నుంచి ఈ నోటుబుక్కు తెరిచినప్పుడల్లా ఆ పేజీని తిప్పేసుకుంటూ వస్తున్న.

మే 12

రౌండ్స్ ఎనిమిదిన్నరకు. ఏడు నుంచే వరండాలో నిలబడ్డ. చెప్పాల్సిన వాక్యం తయారు చేసుకున్న: సార్, మా అవ్వ నాలుగో తారీఖున రవ్వ చేప చేదు తిత్తి మింగింది. మొత్తం పది మాటలే. స్కూల్లో ఎలొక్యూషన్ నాడు కూడా ఇట్లే వాక్యం మొత్తం వచ్చేది, నోరు రాకపోయేది.

ఆయన వచ్చాడు. నోరు రాలేదు. "ఏంటమ్మా" అన్నాడు. డైరీ తెరిచి, నాలుగో తారీఖు ఆదివారం పేజీ మీద వేలు పెట్టి, ఆయన చేతిలో పెట్టిన.

నిలబడే చదివాడు. రెండుసార్లు. తరువాత గోడకు ఆనుకొని ఊపిరి వదిలాడు.

"రవ్వనా? ఎన్ని కిలోలది?"

"మూడు" అన్న. అది మాత్రం గట్టిగానే వచ్చింది.

"మూత్రం ఎప్పటి నుంచి తగ్గింది రాసుకున్నవా?" అంటూ ఆయనే పేజీలు తిప్పాడు. ఆదివారం పేజీ వరకే అని చెప్పాలనుకున్న. సోమవారం చదివాడు. మంగళవారం, బుధవారం చదివాడు. ఎనిమిదో తారీఖు మీద ఆగాడు. చేయి ఒకసారి పై పెదవి దాకా పోయి, దిగింది. డైరీ మూసి ఇచ్చాడు.

నేను నేల మీది టైల్స్ లెక్కబెట్టిన. అడ్డానికి పద్నాలుగు.

తరువాత నర్సును పిలిచి, "సూది వద్దు. బయాప్సీ క్యాన్సిల్" అన్నాడు. నాతో, "ఇంతకు ముందు గూడ ఇద్దరిని చూసిన. ఇద్దరు ఇంటికి పోయిండ్రు. విరుగుడు లేదు, గని టైం ఇస్తే ఫిల్టర్ తేరుకుంటది. మిషన్ ఇంకో రెండు మూడుసార్లు పెడ్తం. అవ్వ గూడ పోతది ఇంటికి" అన్నాడు.

"ముందే చెప్తే..." అన్న.

"ముందే చెప్తే ఈ రెండు దినాలు నేను నిద్రపోతుంటి. మందు మాత్రం ఇదే ఇస్తుంటి." నా చేతిలోని డైరీ వైపు చూసి, "రాసుడు మంచి అలవాటు" అన్నాడు.

ఇక బాపు. డాక్టరే చెప్తా అన్నాడు, నేనే వద్దన్న. మంచం దగ్గర, అవ్వ వింటుండగా చెప్పిన. నేనే కోసిన, నేనే చేతిలో పెట్టిన, అది విషమని నాకు తెలియదు, నిన్న తెలిసింది, తెలిసినంక కూడా ఒక పూట చెప్పలేదు. మధ్యలో ఆగిన కానీ మొత్తం చెప్పిన. కౌసల్యమ్మ ఫోన్ ఆపేసింది.

బాపు సెలైన్ సీసా వైపు తిరిగాడు. తిట్లు మొదలవుతాయని అవ్వ కళ్లు మూసుకున్నది.

"పోయిన దసరాకు" అన్నాడు బాపు, సీసాతోనే మాట్లాడుతున్నట్టు, "సత్తయ్య నాకు గూడ ఒకటిచ్చిండు. నడుముకు మంచిదని. నేను గూడ మింగిన."

అవ్వ ఒక కన్ను తెరిచింది.

"నాకు చెప్పలేదేంది?"

"నువ్వు తిడ్తవని."

కౌసల్యమ్మ నవ్వడం మొదలుపెట్టి, కాలి పుండు కదిలి, అబ్బా అని, మళ్లీ నవ్వింది. అమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు నడుముకు చెక్కుకొని బాపును అప్పటికప్పుడు రక్తం ఇవ్వడానికి కింది అంతస్తుకు తీసుకుపోయింది. "ఈ ఇంట్ల ఇంకెవరెవరు మింగిండ్రో ఇయ్యాలనే చెప్పాలె" అంటూ.

సాయంత్రం: బాపుది మామూలుగానే ఉన్నది. చిన్న చేప అయ్యుంటుందని, మళ్లీ అదృష్టాన్ని పరీక్షించొద్దని డాక్టర్ అన్నాడు. చిన్న చేప అన్నందుకు బాపు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు.

మే 13

మూడోసారి డయాలసిస్. సంచిలో నలభై.

అవ్వకు రోజుకు ఎనిమిది వందల మిల్లీలీటర్ల నీళ్లే. నేను చిన్న గ్లాసుతో కొలిచి ఇస్తున్న. ఉప్పు లేదు, అరటిపండు లేదు, పప్పు తక్కువ. "దవాఖానల పెట్టేది తిండి గాదు, తిండి ఫోటో" అన్నది.

మే 14

తొంభై. రంగు కొంచెం తేరింది.

కౌసల్యమ్మ లెక్క ప్రకారం రేపు వంద కొట్టాలి.

మే 15

నూట తొంభై. వార్డులో ముగ్గురు చప్పట్లు కొట్టినరు. మూత్రానికి చప్పట్లు కొట్టించుకున్న మనిషిని నేను మొదటిసారి చూస్తున్న. అవ్వ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నది, కానీ కింద నుంచి, "ఎంత, సరిగ్గ చెప్పు" అని అడిగింది.

మే 16

నాలుగు వందల ఇరవై.

డాక్టర్ మీసం తీసేశాడు.

దీని గురించి నేను ఏమీ రాయను. ఈ డైరీ ఇప్పుడు ఇద్దరు చదివింది.

మే 18, ఆదివారం

వెయ్యిన్ని రెండు వందలు. క్రియాటినిన్ దిగడం మొదలయింది. ఇక మిషన్ అవసరం ఉండకపోవచ్చు.

సత్తయ్య వచ్చాడు. ఆదివారం పొద్దున బేరం వదులుకొని వచ్చాడు. చేతుల్లో ఆరు కొబ్బరిబొండాలు. లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు. మా ఊళ్లో ఎవరి వాకిట్లోనయినా పావుగంట గొంతు చించుకునే మనిషి, గొంతు లేకుండా.

"రారా లోపటికి. నిన్ను కొట్టే బలం ఇంకా రాలేదు నాకు" అన్నది అవ్వ.

"అవ్వా, నాకెరుక లేదే. మా అయ్య ఇచ్చేటోడు, నేనిచ్చిన. పదేండ్ల సంది ఇస్తున్న. అడిగినోళ్లకే ఇస్తి."

"నేనడిగిన. నువ్వు పొగిడినవు. ఈ పిల్ల కోసింది. ముగ్గురం మంచిగనే గలిసినం."

సత్తయ్య కళ్లు తుడుచుకొని బొండాలు మంచం మీద పెట్టబోతే నర్సు పరుగెత్తుకొచ్చింది. కిడ్నీ కోలుకునేటప్పుడు కొబ్బరి నీళ్లు వద్దట, అందులో పొటాషియం ఎక్కువట, గుండెకు ప్రమాదమట. సత్తయ్య చేతులు రెండూ గాల్లోనే ఆగిపోయినయి.

"ఇంకో ఇసం తెచ్చినానే" అన్నాడు.

ఆ ఆరూ నర్సులూ బాపూ తాగినరు.

పోయేటప్పుడు నన్ను వరండాలోకి పిలిచాడు. ఎవరెవరికి ఇచ్చాడో గుర్తు చేసుకొని ఇరవై మూడు ఇళ్లు తిరిగాడట, వారం రోజులుగా. ఒకామెకు రెండేళ్ల కింద ఇట్లనే పాదాలు ఉబ్బి తగ్గినయట, ఎందుకో ఎవరికీ తెలియలేదట. "నేను చెప్తే నవ్వుతున్నరు. నిన్నటిదాంక నువ్వే మంచిదంటివి గద అంటున్నరు. నువ్వు చెప్పు బిడ్డా. నువ్వయితే చదువుకున్నవు" అన్నాడు.

నాకు నలుగురిలో మాట్లాడడం రాదని చెప్పిన.

"అయితే రాసియ్యి" అన్నాడు. "టబ్బుకు అంటిస్త."

మే 19

రాసిన. ఐదుసార్లు కొట్టేసి రాసిన. చివరికి మిగిలింది ఇంతే:

చేప చేదు తిత్తి మందు కాదు. విషం. పచ్చిగా మింగినా, ఉడికించినా, సారాలో కలిపినా విషమే. కిడ్నీలు ఆగిపోతాయి. మింగినవాళ్లు వాంతులు తగ్గినయని ఊరుకోకుండా దవాఖానకు పోయి, మింగిన సంగతి చెప్పాలి.

డాక్టర్‌కు చూపించిన. ఒక్క మాట కూడా మార్చలేదు. కింద ఒక వాక్యం కలపమన్నాడు: మోకాళ్ల నొప్పి గోలీలు కూడా అడగకుండా రోజూ వేసుకోవద్దు. అది కలిపిన. "చెప్పాలి" కింద గీత కూడా గీసిన.

మే 20

సత్తయ్య ఫోటో పంపాడు. కాగితానికి ప్లాస్టిక్ వేయించి టబ్బుకు కట్టాడు. కింద, నా అనుమతి లేకుండా, ఎర్ర స్కెచ్ పెన్నుతో, "మా చేపలు మాత్రం మంచివి" అని రాశాడు.

మే 21

మెడ గొట్టం తీసేసినరు. క్రియాటినిన్ రెండు పాయింట్ ఒకటి. అవ్వ వార్డు చివరి దాకా నడిచి వచ్చి, నడిచినట్టు అందరికీ విడివిడిగా చెప్పింది.

మే 22

రెండు లీటర్ల మూడు వందలు. ఇప్పుడు ఎక్కువ వస్తున్నది, కాబట్టి ఎక్కువ తాగాలట. పది రోజులు నీళ్లు దాచిపెట్టిన నేనే ఇవాళ గ్లాసు పట్టుకొని వెంట పడుతున్న. "నిన్నటిదాంక దొంగ లెక్క చూసినవు, ఇయ్యాల తాగు తాగు అని పానం తీస్తున్నవు" అన్నది.

కౌసల్యమ్మ పుండు మానుతున్నది. ఆమె కూడా శనివారం పోతుంది. ఆమెకూ చేదు తిత్తి గురించి ఎవరో చెప్పి ఉన్నారట, షుగర్‌కు. ఈ వేసవిలోనే మింగాలనుకున్నదట. తరువాత క్రికెట్ పెట్టుకున్నది.

మే 23

ఇంటికి వచ్చినం. క్రియాటినిన్ ఒకటి పాయింట్ ఆరు. నెల దాకా వారం వారం పరీక్షలు. పూర్తిగా మామూలుకు వస్తుందని డాక్టర్ నమ్మకం. మీసం మళ్లీ మొదలుపెట్టినట్టున్నాడు.

పంపే ముందు అవ్వతో, "మోకాళ్లకు ఎక్సర్‌సైజులు రాసిచ్చిన. దినాం చెయ్యి. మింగుడు మాత్రం బంద్" అన్నాడు.

"మింగను కొడుకా. మా మందిరంల అందరికి చెప్త, కుర్చీల కూసోని చెప్త. ఆఫీసర్ లెక్కనే చెప్త" అన్నది అవ్వ.

డిశ్చార్జ్ కౌంటర్ దగ్గర అమ్మాయి అవ్వ ఆధార్ కార్డునూ చేర్చుకున్న కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకొని చూసింది. ఇక్కడ కొడుకు అని ఉన్నది, మనవరాలు అని ఉన్నది, ఇంటిపేర్లు కలుస్తలేవు, ఊరు కూడా కలుస్తలేదు అన్నది. బాపు అద్దం మీదికి వంగి, "ఇంటిపేర్ల పనేమున్నదమ్మా. ఎవలు తోల్కొచ్చిండ్రో వాళ్లకే అప్పజెప్పు" అన్నాడు. వెనుక చక్రాల కుర్చీలోంచి అవ్వ, "పౌలూ, ఆటో కిరాయికి పైసలున్నయా అయిపోయినయా, చూడు" అని కేక వేసింది. ఆ అమ్మాయి ఆమెను చూసింది, బాపును చూసింది, నన్ను చూసింది, ముద్ర వేసింది.

ఇప్పుడు అవ్వ లోపల పడుకున్నది. ఇప్పటికి మూడుసార్లు బాత్రూముకు పోయింది, పోయినప్పుడల్లా గట్టిగా చెప్పి పోతున్నది.

అవ్వ మాకు చుట్టం కాదు. నేను చదివిన కాన్వెంట్ హాస్టల్లో వంట చేసేది. హాస్టల్ మూసేసినప్పుడు పోవడానికి ఊరు లేక, రెండు రోజులు ఉండి పోతానని ఒక ట్రంకు పెట్టెతో నా వెంట వచ్చింది. అది ఏడేళ్ల కింద.